ఇరవై ఏడో పిడికెడు

రాళ్లవాగు సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య కెజియాకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆమె ఎంత బాగా వండితే, తినడానికి అంత తక్కువమంది వస్తున్నారు.

వినేవాళ్లకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఆమెకు మాత్రం ముద్ద దిగడం లేదు.

రాళ్లవాగు చర్చికి చుట్టుపక్కల మూడు పల్లెల నుంచి ఇరవయ్యారు కుటుంబాలు వస్తాయి. దగ్గరి పల్లె మూడు కిలోమీటర్లు, దూరపుది ఏడు. ఆరాధన ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పుడు పిల్లల్ని చంకనేసుకుని ఎండలో మళ్లీ అంత దూరం నడవాలి. ఇంటికెళ్లి పొయ్యి రాజేస్తేనే తిండి. వచ్చిన మొదటి ఆదివారమే కెజియా ఆ నడక చూసింది. సాయంత్రం భర్తతో తేల్చి చెప్పేసింది.

"ఇక మీదట ఆదివారం మధ్యాహ్నం భోజనం మనింట్లోనే. అందరికీ."

ఆమె భర్త తీతు మెత్తని మనిషి. "అందరికీ అంటే యాభై మంది, కెజియా," అన్నాడు.

"యాభై మందికే వండుతానండీ."

అది ఊరికే అన్న మాట కాదు. కెజియాకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్లమ్మ ఆమెను వెంటబెట్టుకుని ప్రతి ఆదివారం ఆరు కిలోమీటర్లు నడిచి చర్చికి వెళ్లేది. ఒక ఎండాకాలం, ఆరాధన అయ్యాక నీళ్ల కోసం అక్కడి పాస్టరుగారి అరుగు మీద ఆగారు. లోపల కోడికూర ఉడుకుతోంది. చెంబుతో నీళ్లిచ్చారు, తలుపు వేసుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, తినే వేళైంది అంతే. తిరుగుదారిలో పిల్ల కళ్లు తిరిగి పడిపోతే, తల్లి చింతచిగురు దూసి నోట్లో పెట్టి నడిపించుకెళ్లింది. నాకంటూ ఇల్లుంటే ఆదివారం తలుపు వేయను అనుకుంది ఆ పిల్ల. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. పదిహేడేళ్లు గడిచినా ఆ మాట వదల్లేదు.

వండిపెట్టిన మొదటి ఆదివారం నలభై ఎనిమిది మంది తిన్నారు. అయితే అన్నమే కెజియా పరువు తీసింది.

ఆ బియ్యం సంగతి చెప్పాలి. ఆ వైపు సంఘాల్లో ఆడవాళ్లు పూట పూటా పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. వారమంతా పోగయినది ఆదివారం చర్చికి తెచ్చి, వేదిక పక్కనున్న రేకు డ్రమ్ములో పోస్తారు. ఆ బియ్యం పాస్టరింటికి పోతుంది. ఇంట్లో తిండి ఎంత తక్కువైనా పిడికెడు తీయడం మానరు. ఒక ముద్ద తగ్గించుకుంటారు గాని డబ్బా ఖాళీగా తీసుకురారు.

ఇరవయ్యారు ఇళ్ల బియ్యం ఒకటి కాదు కదా. ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది రోట్లో దంచిన దంపుడు బియ్యం, ఒకరివి కొర్రలు, ఒకరివి నూకలు, పొలమున్న ఒకరిద్దరివి ఆ ఏటి కొత్తబియ్యం. అన్నీ డ్రమ్ములో ఏకమవుతాయి. కెజియా వాటినే కడిగి గుండిగలో పోసింది. నూకలు సంకటి అయ్యాయి, కొత్తబియ్యం జావ అయింది, దంపుడు బియ్యం మాత్రం పంటి కింద రాయిలా పలికింది.

జనం మారు మాట్లాడకుండా తిన్నారు. కొందరు మళ్లీ వేయించుకున్నారు కూడా. కానీ కెజియా ఆ గుండిగ వైపు చూడలేకపోయింది. వంటలో ఆమెను మించినవాళ్లు లేరని పెళ్లికి ముందు చదివిన తర్ఫీదు బడిలో పేరు. అలాంటిది, నడిచొచ్చిన మనుషులకు ఇదా పెట్టింది?

సోమవారం ఆమె ఆ బియ్యం మూటగట్టి బస్సెక్కి టౌనుకు తీసుకుపోయింది. అక్కడ బియ్యం కొట్టతను మూట విప్పి, మూతి విరిచి, నాలుగు కిలోలకు ఒక కిలో లెక్కన సన్నబియ్యం ఇస్తానన్నాడు. సరేనంది. ఈ కలగలుపు బియ్యం అతను ఏం చేసుకుంటాడో ఆమె అడగలేదు. చాలనిది తను కుట్టుమిషను మీద సంపాదించి కొంది. అప్పటి నుంచి ప్రతి సోమవారం అదే పని.

ఒక నోటుబుక్కు పెట్టింది. ఏ ఆదివారం ఏం వండాలో అందులో రాసుకునేది. ఒక వారం గోంగూర పప్పు, ఉల్లికారం. ఇంకో వారం కోడికూర. ఆపై వారం సాంబారు, గుత్తివంకాయ. అన్నం మల్లెపూల్లా విడివిడిగా ఉండేది. శనివారం పొద్దున మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం దాకా నడుం వాల్చేది కాదు.

రెండో నెలలో ముప్పై మంది అయ్యారు. మూడో నెలలో పదిహేను.

"ఇంటికాడ గొడ్లు కట్టేసొచ్చామమ్మా," అనేది ఒకామె. "ముసలాయన ఒక్కడే ఉండాడమ్మా," అనేది ఇంకొకామె. అందరూ నవ్వు మొహంతోనే చెప్పేవాళ్లు. చెప్పి, ఎండలో నడిచి పోయేవాళ్లు.

కెజియా కూరలు పెంచింది. పెరుగుచట్నీ చేసింది, సేమియా పాయసం చేసింది. ఆరో నెలకు ఎనిమిది మందే వచ్చారు. వాళ్లూ గబగబా తిని, కంచాలు కడిగి బోర్లించి వెళ్లిపోయారు.

"ఇక మానేద్దాం కెజియా," అన్నాడు తీతు. "వాళ్లకే ఇష్టం లేనట్టుంది. నీ ఒళ్లు గుల్లయిపోతోంది."

"మానను," అంది ఆమె. "నా వంటలో ఏదో లోపముంది. అదేంటో తెలుసుకుంటాను."

తెలుసుకోవడానికి ఆమె ఉత్తరం రాసింది తన గురువుకు.

ఆమె గురువు పెర్సీసమ్మగారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. వయసులో ఉండగా కొండ పల్లెలన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పింది. తర్వాత ఇరవై ఏళ్లు పాస్టర్ల భార్యలు కాబోయే ఆడపిల్లలకు తర్ఫీదు బడి నడిపింది. కెజియా ఆమె దగ్గర రెండేళ్లు ఉంది. ప్రార్థన ఎలా చేయాలి అని అడిగిన పిల్లను ఆమె నూతి దగ్గరికి పంపి ముసలివాళ్లకు నీళ్లు తోడించేది. అలాంటి గురువు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం ఆమెకు చేతకాదని శిష్యురాళ్లు వెనక చేరి నవ్వుకునేవాళ్లు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె గుడ్డసంచితో బస్సు దిగింది. కెజియా కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, వెంటనే కంచం పెట్టింది. సన్నబియ్యం అన్నం, మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, చారు, గడ్డ పెరుగు. ముసలామె ఏమంటుందోనని ఎదురుగా కూర్చుంది.

పెర్సీసమ్మ నెమ్మదిగా తినింది. "బాగుంది," అంది. "చాలా బాగుంది."

"మరి లోపమేంటి అమ్మగారూ?"

"డ్రమ్ము నిండుతోందా?" అని అడిగింది ముసలామె.

"ఏ డ్రమ్ము?"

"పిడికెడు బియ్యం డ్రమ్ము."

"నిండుతోందమ్మగారూ. ఎప్పటిలాగే. ఒక్క ఇల్లు కూడా మానలేదు." ఆ బియ్యంతో అన్నం ఎలా చెడిందో, వాటిని టౌనులో ఎలా మారుస్తోందో కెజియా పూస గుచ్చినట్టు చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "వాళ్లకు మంచిదే పెట్టాలి కదా అమ్మగారూ. చిన్నప్పుడు నేను ఆకలితో నడిచినదాన్ని."

పెర్సీసమ్మ చెయ్యి కడుక్కుంది. "ఎల్లుండి వంట నాది," అంది.

"మీరా? ఈ వయసులో సంఘమంతటికీనా? నేను నోటుబుక్కులో రాసుకున్నాను అమ్మగారూ. ఈ వారం కోడికూర, టమాటా పచ్చడి..."

"ఒక్క పప్పుచారు పెట్టు. చాలు. అన్నం నేను చూసుకుంటాను."

"అన్నం ఎలా చేస్తారు?"

"తినబోతూ రుచి అడుగుతావేంటి పిల్లా," అంది ముసలామె. సంచి తల కింద పెట్టుకుని, కునుకు తీయడానికి గోడ వైపు తిరిగింది.

శనివారం ఆమె చేసిన పని ఒక్కటే. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ బయటకు తెప్పించి, అందులోంచి ఐదు పెద్ద గిన్నెలు ఏరి పక్కన పెట్టింది. తర్వాత తీతును పిలిచింది.

"రేపు నీ ప్రసంగం ఎంతసేపు నాయనా?"

"ముప్పావుగంట అమ్మగారూ," అన్నాడు తీతు వినయంగా.

"నిజం చెప్పు."

"ఒక్కోసారి గంట."

"రేపు ముప్పావుగంట దాటావో, అన్నం మాడుతుంది. ఆ పాపం నీదే."

తీతు నవ్వాడు గాని, ఆ సాయంత్రం ప్రసంగంలో రెండు పేజీలు కొట్టేశాడు.

ఆదివారం పొద్దున పెర్సీసమ్మ చర్చి వాకిట్లో చాప వేయించుకుని కూర్చుంది. పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద గుండిగ. ముందు ఐదు గిన్నెలు, ఒళ్లో చేట. డ్రమ్మును కూడా లోపలి నుంచి ఈడ్పించి తన పక్కన పెట్టించుకుంది. చర్చిలోకి పోవాలంటే ఆమెను దాటుకునే పోవాలి.

మొదట వచ్చినామె అలవాటుగా డబ్బా మూత తీసి డ్రమ్ము మీదికి వంచబోయింది. ముసలామె చేట అడ్డం పెట్టింది.

"మూడు గుప్పిళ్లు ఇందులో పొయ్యి తల్లీ. మిగతాది డ్రమ్ములో."

ఆమె పోసింది. పెర్సీసమ్మ చేట అటూ ఇటూ కదిపి చూసింది. "దంపుడు బియ్యమేనా?"

"అవునమ్మా. మా అత్త దంచుద్ది. మిల్లు బియ్యం ఆమెకు పడవు."

"ఎంత చక్కగా దంచింది," అని ఆ బియ్యం మొదటి గిన్నెలో పోసుకుంది ముసలామె.

రెండో ఆమె డబ్బా విప్పడానికి సిగ్గుపడింది. "కొర్రలు కలిసినయ్ పెద్దమ్మగారూ. నెలాఖరు గదా, బియ్యం చాల్లేదు."

"కొర్రలు తిని ఎన్నాళ్లయిందో," అంది పెర్సీసమ్మ. అవి రెండో గిన్నెలోకి పోయాయి.

అలా ఒక్కొక్కరే వచ్చారు. రేషన్ బియ్యం ఒక దాంట్లోకి, కొత్తబియ్యం ఇంకో దాంట్లోకి. ఎవరి బియ్యం ఏమిటో, ఎన్ని పొంగులకు ఉడుకుతాయో, కడుగు నీళ్లు ఎన్నిసార్లు పారబోయాలో ముసలామె అందర్నీ అడిగింది. అడిగినకొద్దీ ఆడవాళ్లు చెప్పారు. డబ్బా వంచి పోయేవాళ్లు కాస్తా ఆగి మాట్లాడుతున్నారు. వాకిట్లో జనం పెరిగింది.

కెజియా పప్పుచారుకు నీళ్లు మోస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆరు నెలలుగా డ్రమ్ము మూత తీసి బియ్యం చూసిందే గాని, ఎవరివి ఏవో ఆమె ఒక్కరోజు కూడా అడగలేదు. ఆ ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. ఇంకా పూర్తిగా రాలేదు.

అందరికన్నా చివర దీనమ్మ వచ్చింది. ఏడు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి నడిచొచ్చే ఒంటరి ఆడది. టౌను దగ్గర ఒక కోళ్ల ఫారంలో దాణా మోసే కూలి. మొదటి ఆదివారం రెండుసార్లు అన్నం వేయించుకున్నది ఆమే. అందరికన్నా ముందు భోజనానికి రావడం మానుకున్నదీ ఆమే. ఆమె డబ్బాలో నూకలున్నాయి.

మూడు గుప్పిళ్లు చేటలో పోసి దీనమ్మ నిలబడింది. నలుగురిలో అడగొచ్చో లేదో అని కాసేపు తటపటాయించింది. చివరికి అడిగేసింది.

"ఈ వారం గూడా కోళ్లకేనా పెద్దమ్మగారూ?"

పక్కనున్నామె దీనమ్మ చెయ్యి గిల్లింది. అంటే ఆ సంగతి అందరికీ తెలుసు.

"కోళ్లకేంటి తల్లీ?" అంది పెర్సీసమ్మ, చేట కదపడం ఆపకుండా.

"తప్పుగా అంటే సెమించండి. నేను మోసే దాణాలో చూశా. కొర్రలు, ఎర్రబియ్యం, నా నూకలు, అన్నీ కలిసి. ఆ కలగలుపు ఇంకెక్కడుంటదమ్మా? టౌన్లో బియ్యం కొట్టాయన తోలతన్నాడు మా ఫారానికి. నా చేత్తో నేనే తొట్లో పోశా." దీనమ్మ డబ్బా మూత బిగించింది. "దేవుడికిచ్చింది దేవుడిది. ఆయన యాడికి పంపితే మనకేంది. అందుకే ఇయ్యడం మానలా. కాకపోతే మా బియ్యం తినలేనోళ్ల ఇంట్లో మేము కూసోని తినడం... మనసొప్పక రాలేదు."

నీళ్ల బిందెతో పక్కనే ఉన్న తమ ఇంటి గడపలో నిలబడిన కెజియా అంతా విన్నది. ఎండలో నడిచే మనుషుల కోసం తలుపు తీశాననుకుంది. తలుపు తీసి, వాళ్లు తమ నోటి ముద్దలోంచి తీసి తెచ్చిన దాన్ని కోళ్ల తొట్టికి పంపింది. ఆరు నెలలు. ప్రతి సోమవారం. స్వయంగా మోసుకెళ్లి.

పెర్సీసమ్మ ఆ నూకల్లో చెయ్యి పెట్టి, రెండు మట్టిగడ్డలు ఏరి పారేసింది.

"ఈ వారం కోళ్లకు లేవు తల్లీ," అంది. "నాకు ఆకలిగా ఉంది."

నూకలు ఐదో గిన్నెలో పడ్డాయి. దీనమ్మ కొంగు నెత్తిన కప్పుకుని లోపలికి పోయింది. మిగతావాళ్లూ పోయారు. మొదటి పాట ఎత్తుకున్నారు.

కెజియా బిందె దించి గురువు ముందు కూలబడింది.

"అమ్మగారూ, నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇప్పుడే లోపలికెళ్లి అందరి ముందూ నిలబడి క్షమాపణ అడుగుతాను."

"అడుగు. అడగాల్సిందే. కానీ ఇప్పుడు కాదు, ఎసరు కాగుతోంది. ఆ దంపుడు బియ్యం ఇటివ్వు."

"అమ్మగారూ..."

"నీ ఏడుపుతో వాళ్ల కడుపు నిండదు పిల్లా. ఇటివ్వు."

కెజియా కళ్లు తుడుచుకుని గిన్నె అందించింది. దంపుడు బియ్యం ఎసట్లో పడింది. ముసలామె ఇంకేమీ పోయలేదు. పొయ్యి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని, లోపలి పాటకు తల ఊపుతూ కూర్చుంది. రెండో పాట సగంలో కొర్రలు పోయించింది. ప్రార్థన మొదలయ్యాక రేషన్ బియ్యం. తీతు ప్రసంగం నడుమకు వచ్చాక కొత్తబియ్యం. ఒక్కోదానికీ దాని వేళ ఉంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ గుండిగ దగ్గర ఆ సామెత చెల్లలేదు. పెర్సీసమ్మ ప్రతిసారీ నాలుగైదు రకాల మెతుకులు తీసి, వేళ్ల మధ్య విడివిడిగా నలిపి చూసింది. కెజియా కూడా నలిపి చూసింది. ఇంత తెలివైన వంటమనిషికి ఈ చిన్న పని ఎందుకు తోచలేదో ఆమెకే అర్థం కాలేదు. బియ్యం డ్రమ్ములో పడకముందు వాకిట్లో నిలబడి చేట పట్టి ఉంటే సరిపోయేది.

ఇక నూకలే మిగిలాయి. ముసలామె ఆ గిన్నె చేతిలోకి తీసుకుని ఆగింది.

"ఎన్ని ఇళ్ల బియ్యం పడ్డాయి?"

"ఇరవయ్యారు అమ్మగారూ. అందరూ ఇచ్చారు."

"ఇంకో ఇల్లు ఉండాలే."

కెజియా వేళ్ల మీద లెక్కపెట్టింది. మూడు పల్లెలూ తలచుకుంది. "లేదమ్మగారూ. ఇరవయ్యారే."

ముసలామె నూకలు వేయలేదు. గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది. గుండిగ కుతకుత ఉడుకుతోంది. లోపల తీతు ప్రసంగం ముగింపుకు వస్తోంది.

పాస్టరింటికి పిడికెడు బియ్యం వస్తాయి గాని, అక్కడి నుంచి పోవు. ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ అది. కెజియా ఆరు నెలల్లో వందలమందికి వండిపెట్టింది. కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలని ఒక్క పూట కూడా తోచలేదు.

ఆమె లేచి ఇంట్లోకి పరుగెత్తింది. సన్నబియ్యం సంచి మూతి విప్పి మూడు గుప్పిళ్లు చెంగులో పోసుకుని తెచ్చింది. గురువు ముందు చెంగు పట్టి నిలబడింది.

"సన్నవి. తొందరగా ఉడికిపోతాయి," అంది పెర్సీసమ్మ చూసి. "నూకలతో పాటు వెయ్యి."

దీనమ్మ నూకలూ, కెజియా సన్నబియ్యమూ ఒకేసారి గుండిగలో పడ్డాయి. ఒక్క గరిట తిప్పుతో ఏది ఏదో తెలియకుండా పోయింది.

ముగింపు ప్రార్థన అయింది. తీతు నలభై నిమిషాల్లోనే ముగించాడు. జనం చెప్పులు తొడుక్కుంటూ బయటికి వచ్చారు. కెజియా ఒకడుగు ముందుకు వేసింది. రండి, తినండి అని పిలుద్దామనుకుంది. ఏ మొహం పెట్టుకుని పిలవాలి? గురువు వైపు చూసింది. గురువు ఎవర్నీ పిలవడం లేదు. గరిట పట్టుకుని గుండిగలోకి తొంగి చూస్తోంది, ఏమీ పాలుపోనట్టు.

దీనమ్మ నాలుగడుగులు దాటి పోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"ఉడికినయ్యా పెద్దమ్మగారూ?"

"నాకు చూపు ఆనదు తల్లీ. నువ్వే చూడు."

దీనమ్మ గరిట అందుకుని నాలుగు మెతుకులు తీసి నలిపింది. "నూకలు అయినయ్. ఈ దంపుడోటి ఇంకో పొంగు రావాలి."

"యాడ, ఇటు చూపీ," అంటూ దంపుడు బియ్యం తెచ్చినామె వచ్చింది. "అయ్యో, అవి అట్టాగే ఉంటాయి. ఉమ్మగిల్లితే సరిపోద్ది. మంట తీసెయ్."

"కొత్తబియ్యం ఉండయ్ గదా, గంజి వార్చకపోతే ముద్దవుద్ది," అంది మూడో ఆమె.

"వారిస్తే కొర్రలు జారిపోవా?"

"నేను వారుస్తా, నువ్వు పక్కకు జరుగు."

నిమిషంలో పొయ్యి చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరారు. ఒకరు కట్టెలు ఈడ్చారు, ఒకరు మూత పెట్టి గంజి వార్చారు, ఒకరు వార్చడం తప్పని తిట్టారు. మగవాళ్లు కాసేపు నిలబడి చూసి, ఇదిప్పట్లో తెమిలేది కాదని చెట్టు నీడన చాపలు పరిచారు. పిల్లలు గంజికి గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఎవ్వరూ ఇంటికి పోలేదు.

కంచాలు పరిచాక కెజియా చారు గిన్నె ఎత్తుకోబోయింది. గురువు ఆమె చెయ్యి పట్టుకుని చాప మీదికి లాగింది.

"కూర్చో."

"వడ్డించాలి కదా అమ్మగారూ. నేను అందరూ అయ్యాక..."

"కూర్చో."

పాస్టరమ్మ సంఘం మధ్యలో నేల మీద కూర్చుని తినడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. ఆమె కూర్చుంది. తల దించుకుని కూర్చుంది. దీనమ్మ గుండిగలోంచి హస్తం గరిటతో అన్నం తెచ్చి ఆమె ముందు ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దీనమ్మా, నేను తప్పు చేశాను," అంది కెజియా. "పెద్ద తప్పు చేశాను."

దీనమ్మ కంచం మీదికి వంగింది. అన్నం వడ్డించింది. తెల్లవీ ఎర్రవీ పచ్చవీ మెతుకులు కలిసిన అన్నం. దాని మీద చారు పోసింది.

"తినండమ్మా. చల్లారుద్ది."

అప్పుడు అందరూ చూస్తున్నారు. తినేవాళ్లు తినడం ఆపి మరీ చూస్తున్నారు. కెజియా ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కటుక్కుమని చప్పుడైంది. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినబడింది.

దీనమ్మ మొహం చిన్నబోయింది. "పలుకుందా అమ్మా?"

"ఉంది," అంది కెజియా.

ఇంకో ముద్ద తినింది. ఇంకోటి తినింది. కంచంలో అన్నం అయ్యేదాకా ఎటూ చూడకుండా, పట్టుబట్టినట్టు తినింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత ఖాళీ కంచం రెండు చేతులతో పైకెత్తి దీనమ్మ ముందు పట్టింది.

"ఇంకొంచెం పెట్టు దీనమ్మా. సరిపోలేదు."

దీనమ్మ నవ్వింది. గుండిగ దాకా వెళ్లి, హస్తం నిండా తెచ్చి, కంచం నిండుగా పెట్టింది.

పెర్సీసమ్మ తలెత్తలేదు. తింటోంది.